చచ్చిన చేపను స్క్విడ్‌తో తినిపించడం ఎలా?

[దృశ్యం: గుండ్రటి తొట్టి. నీళ్లలో నిలకడగా తేలుతున్న స్క్విడ్ (ఎనిమిది చేతులు, రెండు పొడవాటి బాహువులు ఉండే సముద్ర జీవి). ఎదురుగా చిన్న రొయ్య.]

ఆ రొయ్యనే చూస్తూ ఉండండి. రెప్ప వేయకండి.

అయిపోయింది! కనిపించలేదు కదా? తప్పు మీది కాదు. స్క్విడ్ రెండు పొడవాటి బాహువులు విసిరి వేటను అందుకోవడానికి 20 నుంచి 40 మిల్లీసెకన్లు చాలు. మనం రెప్ప వేయడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

[అదే దృశ్యం, స్లో మోషన్‌లో.]

ఇప్పుడు మెల్లగా చూద్దాం. ముందు కళ్లు రొయ్య మీద నిలిచాయి. ఒళ్లు అటు తిరిగింది. ఎనిమిది చేతులూ మొగ్గలా ముడుచుకుని ముందుకు వచ్చాయి. రెక్కలాడిస్తూ ఇంకాస్త దగ్గరికి... మొగ్గ విచ్చుకుంది, లోపలి నుంచి ఆ రెండు బాహువులూ దూసుకొచ్చాయి. వాటి చివర్లలోని చూషకాలు రొయ్యను అంటుకున్నాయి. వెనక్కి లాగగానే ఎనిమిది చేతులూ చుట్టేశాయి. చేతుల మధ్యలో చిలక ముక్కులాంటిది ఒకటుంది, కొరికి ముక్కలు చేసేది అదే.

ముక్కలు చిన్నవిగానే ఉండాలి. ఉంగరంలో వేలు దూరినట్టు స్క్విడ్ ఆహారనాళం మెదడు మధ్యలోంచి వెళ్తుంది మరి! ఈ డిజైన్ ఎవరి ఐడియానో గానీ, నాకైతే తల్చుకుంటేనే గొంతు పట్టేస్తుంది.

[దృశ్యం: నీటి పైన ఒక చెయ్యి, వేళ్ల మధ్య చిన్న చేప.]

తొట్టిలో పెంచేవాళ్లకు అసలు టెన్షన్ ఇక్కడే. పిల్ల స్క్విడ్‌లకు కదిలే ప్రాణులే కావాలి, అదీ వాటి సైజుకు తగ్గవి. పెద్దవాటికి ఐసులో పెట్టిన చేపను అలవాటు చేయొచ్చు. కానీ అడుగున పడి ఉన్నదాన్ని అవి చాలావరకు పట్టించుకోవు. అందుకే చేపను పైనుంచి వదులుతారు. మునుగుతూ అటూ ఇటూ ఊగే ఆ కాసేపే స్క్విడ్ కంటికి అది బతికున్న చేప!

ఆకలితో ఉంచారా, పక్కనున్న స్క్విడ్‌నే తినేస్తాయి. ఎక్కువ వేశారా, మిగిలింది కుళ్లి నీళ్లలో విషంలాంటి అమ్మోనియా పెరుగుతుంది. అసలే మాంసం తప్ప ఇంకేమీ తినని జీవి, అది వదిలే అమ్మోనియాయే బోలెడు. వడ్డించే చెయ్యి కూడా నెమ్మదిగా కదలాలి. బెదిరితే స్క్విడ్ వెనక్కి దూకి గోడకు కొట్టుకుంటుంది, సున్నితమైన చర్మం చీరుకుపోతుంది. తొట్టి గుండ్రంగా ఉండేది అందుకే.

[దృశ్యం: చేప మునుగుతోంది. స్క్విడ్ అటు తిరిగింది, మొగ్గ కట్టింది, ఆగింది. చేప అడుగుకు చేరింది.]

ఈసారి తినలేదు. వలతో తీసి, మళ్లీ పైనుంచి వదలాల్సిందే.