కరెంటు పోయినా చెదరని రూట్ ఫైల్‌సిస్టమ్

సభకు నమస్కారం. గుంటూరు దగ్గర మిర్చి టిక్కీలు (బస్తాలు) నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీలో గదుల ఉష్ణోగ్రత నమోదు చేయడానికి నేను అమర్చిన రాస్ప్‌బెర్రీ పై అనే, మెమరీ కార్డు నుంచి నడిచే చిన్న కంప్యూటరు, ఒక వేసవి సాయంత్రం గాలివానకు కరెంటు పోయి వచ్చాక మళ్లీ లేవలేదు. “కరెంటు రాగానే ఫ్యాను తిరుగుతుంది, మీ పెట్టె ఎందుకు తిరగదండీ?” అని యజమాని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది.

లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో, చేయబోయే మార్పులను ముందే రాసుకునే జర్నల్ ఉన్నా, అది ఫైల్‌సిస్టమ్ నిర్మాణాన్నే కాపాడగలదు. మెమరీ కార్డు లోపలి కంట్రోలర్ చిప్ చేసే పని దానికి కనబడదు. ఫ్లాష్ మెమరీలో రాయడం చిన్న పేజీలుగా, చెరపడం పెద్ద బ్లాకులుగా జరుగుతాయి కనుక, ఒక ఫైలు రాసేటప్పుడు మనం ముట్టుకోని పొరుగు డేటాను కూడా కంట్రోలర్ మరోచోటికి తరలించవలసి రావచ్చు. ఆ క్షణంలో కరెంటు పోతే, నెలల తరబడి ఎవరూ మార్చని లైబ్రరీ ఫైలు (ప్రోగ్రాములు పంచుకునే కోడ్) సైతం పాడవవచ్చు. నేను మొదట రూట్‌ను, అంటే సిస్టమ్ ఫైళ్లుండే ఫైల్‌సిస్టమ్‌ను, రీడ్-ఓన్లీ (చదవడమే తప్ప రాయడం కుదరకుండా) చేసి, రీడింగులను అదే కార్డులో వేరే పార్టిషన్‌కు, అంటే విడదీసిన మరో భాగానికి, మళ్లించాను. అది పొరపాటు. పార్టిషన్ల హద్దులు మన కెర్నెల్‌కు, అంటే లినక్స్ మూలభాగానికి, తెలుసు, కార్డుకు తెలియవు. రీడింగులను యూఎస్‌బీ డ్రైవ్‌లోకి మార్చి, కార్డు మీద రాతలన్నీ ఆపాకే నాకు నిశ్చింత కలిగింది.

ఏ ఫైల్‌సిస్టమ్‌ను ఎలా తెరవాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో రూట్ వరుసకు ‘ఆర్‌ఓ’ (రీడ్-ఓన్లీ) చేర్చడం నిమిషం పని. ఏయే ప్రోగ్రాములు రూట్‌లో రాస్తున్నాయో కనిపెట్టడానికే రోజులు పడతాయి. సిస్టమ్‌డీ జర్నల్ (సిస్టమ్ లాగ్), డీహెచ్‌సీపీ లీజు (నెట్‌వర్క్ ఇచ్చిన చిరునామా వివరం), రిజాల్వ్.కాన్ఫ్ (డీఎన్‌ఎస్ సర్వర్ల జాబితా), సొంత గడియారం లేని బోర్డులో సమయాన్ని దాచుకునే ఫైలు, ఇలా ఒక్కొక్కటీ బయటపడుతుంది. పోయినా ఫర్వాలేని వాటిని టీఎంపీఎఫ్‌ఎస్‌లో, అంటే ర్యామ్‌లో, ఉంచాలి.

2014లో 3.18 కెర్నెల్‌తో వచ్చిన ఓవర్‌లేఎఫ్‌ఎస్‌తో ఈ శ్రమంతా తప్పించుకోవచ్చు: కింది పొర మారదు, రాతలన్నీ ర్యామ్‌లోని పై పొరలోకి వెళతాయి. రాస్ప్‌బెర్రీ పై సెట్టింగులలోనే ఆ సదుపాయం ఉంది. అయినా నేను రూట్‌ను నేరుగా రీడ్-ఓన్లీ చేసే పద్ధతినే ఇష్టపడతాను. అక్కడ రాయబోయిన ప్రోగ్రాముకు వెంటనే ఎర్రర్ వస్తుంది, తప్పెక్కడుందో తెలుస్తుంది. ఓవర్‌లేలో అన్నీ సవ్యంగా జరిగినట్లే ఉంటాయి. చేసిన అప్‌డేట్ రీబూట్‌తో మాయమవుతుంది, అదుపులేని లాగ్ మెల్లగా ర్యామ్‌ను నింపుతుంది.

అప్‌డేట్ చేయవలసి వస్తే రూట్‌ను రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి, అంటే మళ్లీ తెరిచి, పని అయ్యాక మళ్లీ రీడ్-ఓన్లీ చేస్తాను. పాత లైబ్రరీ చెరిగిపోయినా ఏదో ప్రోగ్రాము ఇంకా దాన్ని వాడుతుంటే, డివైస్ బిజీ అంటూ కెర్నెల్ ఒప్పుకోదు. అప్పుడు రీబూట్ చేయడమే తేలిక.

ఆ పెట్టెను ఈ బల్ల మీద పెట్టాను. విద్యార్థులు ముందుకు వచ్చి, నడుస్తుండగానే దాని వైరు లాగి చూడండి.