ఫంక్షన్ హాల్‌కి స్క్రబ్బర్ మెషిన్ పనికొస్తుందా? ఒంగోలులో నడిపి చూసిన రివ్యూ

నమస్తే అండి. ఫంక్షన్ హాళ్లు, ఆసుపత్రులు, కాలేజీలు నడిపేవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది: నేల కడిగే బ్యాటరీ మెషిన్, అదే స్క్రబ్బర్ డ్రయ్యర్, కొంటే గిట్టుబాటవుతుందా? ఒంగోలులో ఒక కల్యాణ మండపంలో మంచి ముహూర్తాల సీజన్లో దీన్ని నడిపి చూశాం. కంపెనీ పేరు చెప్పను. ఈ సైజులో ఎవరి మెషినైనా పనిచేసే తీరు దాదాపు ఒకటే.

ఇది వెనక నడుస్తూ తోలే రకం. రెండు ట్యాంకులుంటాయి. ఒక ట్యాంకులోంచి లిక్విడ్ కలిపిన నీళ్లు బ్రష్ మీద పడతాయి. బ్రష్ రుద్దుతుంది. వెనకున్న వైపర్ రబ్బరు మురికి నీళ్లను దగ్గరికి లాగితే, వ్యాక్యూమ్ వాటిని పీల్చి రెండో ట్యాంకులో పోస్తుంది. ఇదిగో, మెషిన్ ఇప్పుడే దాటిన చోట నేను చెప్పుల్లేకుండా నడుస్తున్నాను, పాదం ముద్ర పడట్లేదు. మాప్‌తో తుడిస్తే నాలుగైదుసార్లు ముంచేసరికే బకెట్ నీళ్లు మురికైపోతాయి, ఆ మురికినే హాలంతా పులుముతాం. ఇప్పుడు రెండో ట్యాంకు ఖాళీ చేస్తున్నాం, కెమెరా దగ్గరికి తెస్తున్నా చూడండి. రోజూ తుడిచే నేలేనండీ అని మేనేజర్ గారు చెప్పిన నేల ఇది. వచ్చిన నీళ్లు టీ డికాషన్ రంగులో ఉన్నాయి.

స్పీడ్ సంగతి. 20 అంగుళాల బ్రష్, గంటకు 4 కిలోమీటర్ల నడక. లెక్క వేస్తే గంటకు 2,000 చదరపు మీటర్లు. బ్రోచర్‌లో వేసేది ఈ లెక్కే. కుర్చీలు జరపాలి, స్తంభాల దగ్గర తిప్పాలి, నీళ్లు పోసుకోవాలి. అందులో సగం వచ్చినా గొప్పే.

అసలు ఇబ్బంది బ్రోచర్ రాసినవాళ్లు ఊహించి ఉండరు: అక్షింతలు. పెళ్లి అయిపోయాక వేదిక ముందు పసుపు బియ్యం, బంతిపూల రెక్కలు పరుచుకుని ఉంటాయి కదా. ఒక్క గింజ వైపర్ రబ్బరు కింద ఇరుక్కుంటే చాలు, మెషిన్ వెళ్లినంత దూరం వెనకాల తడి గీత పడుతుంది. పూల రెక్కలైతే గొట్టంలో అడ్డుపడి పీల్చడమే ఆగిపోతుంది. అక్కడ పనిచేసే పెద్దావిడ చూసి నవ్వింది. "ముందు ఊడ్చాల గదబ్బయ్యా, మిషనేం మింగుద్దా ఈ బియ్యాన్ని?" అంది. ఆవిడ మాటే కరెక్ట్. చీపురు పని ఎక్కడికీ పోదు.

ఇంకోటి గమనించాను. మెషిన్ రాగానే దాన్ని కుర్రాళ్ల చేతికిచ్చి, ఆయమ్మలకు మూలలూ బాత్రూమ్‌లూ మిగిల్చారు. ఈ పెద్దావిడకు ఇస్తే కాసేపట్లోనే తిప్పడం పట్టేసింది, కుర్రాడికంటే శుభ్రంగా నడిపింది కూడా. కొనేవాళ్లు ఈ విషయం ఆలోచించండి.

ఇక లిక్విడ్. ఇక్కడి ఫ్లోర్ చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, నల్లరాతిలో బంగారు చుక్కలుండే రకం. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరితే నల్లరాయి మీద తెల్ల మచ్చలు కడతాయి. అవి పోవాలని యాసిడ్ పోస్తారు. మచ్చ పోతుంది, దాంతోపాటు అతుకుల్లోని సిమెంట్ తినేస్తుంది, పాలిష్ కూడా మసకబారొచ్చు. రోజువారీ పనికి న్యూట్రల్ పీహెచ్ లిక్విడ్, అంటే యాసిడ్ గుణం గానీ క్షార గుణం గానీ లేనిది చాలు. నీళ్లు ఆరేలోపే మెషిన్ లాగేస్తుంది కాబట్టి కొత్త మచ్చలూ తగ్గుతాయి. బ్రష్ బదులు బిగించే ప్యాడ్ విషయంలోనూ జాగ్రత్త: రోజూ వాడేది ఎర్ర ప్యాడ్, నల్ల ప్యాడ్ పాత పూతలు గీకి తీసేది. పాలిష్ రాయి మీద నల్లది పెట్టొద్దు.

బాత్రూమ్‌లలో యాసిడ్ పోసి, పైన బ్లీచింగ్ చల్లే అలవాటు చాలాచోట్ల ఉంది. దయచేసి మానేయండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. రెండు డబ్బాలూ ఒకే అరలో ఉంచడం కూడా మంచిది కాదు.

నా లెక్కలో మీ హాల్ తెరిపిగా, పది వేల చదరపు అడుగులకు పైన ఉంటేనే ఈ మెషిన్. చిన్న నర్సింగ్ హోమ్‌కో, ట్యూషన్ సెంటర్‌కో వద్దు. ఆ డబ్బులో కొంచెం పెట్టి మైక్రోఫైబర్ ఫ్లాట్ మాప్‌లు ఎక్కువ జతలు తీసుకోండి. గది మారితే గుడ్డ మార్చాలి, వాడినది మళ్లీ బకెట్‌లో ముంచకూడదు. రంగులు విడదీయండి: బాత్రూమ్‌కి ఎరుపు, వంటగదికి ఆకుపచ్చ, మామూలు గదులకు నీలం. ఆ ఎర్ర గుడ్డ వంటగదిలోకి వస్తే ఎవరైనా పట్టేస్తారు, చదువు రానివాళ్లు కూడా. వీటిని ఉతికేటప్పుడు బ్లీచింగ్, కంఫర్ట్ లాంటివి వాడకండి, గుడ్డ మురికి పట్టే గుణం పోతుంది.

మెషినే తీసుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు రెండు విషయాలు కాగితం మీద రాయించుకోండి. వైపర్ రబ్బరు అరిగితే ఒంగోలులోనో నెల్లూరులోనో దొరుకుతుందా, లేక విజయవాడ నుంచి తెప్పించాలా? బ్యాటరీ వారంటీ ఎన్ని నెలలు? నీళ్లు పోసే రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ పోయడం, వాడిన రోజే ఛార్జింగ్ పెట్టడం ఎవరి పనో ఆ రోజే ఒక మనిషికి అప్పజెప్పండి.