మేడ తాళంచెవి

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, సభలోని అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. పర్యావరణ దినోత్సవం సందర్భంగా మొక్కల పెంపకం గురించి మాట్లాడమని నన్ను పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. మొదలుపెట్టే ముందు ఒక మనవి. దయచేసి ఏసీ ఆపి, కుడివైపు కిటికీలు తెరిపించండి. వేదిక వెనుక కట్టిన ఫ్లెక్సీ ఈ ఉదయమే అచ్చయి వచ్చినట్టుంది; ఆ సిరా వాసనకు నా గొంతు పట్టేస్తోంది. అందుకే వేదిక ఎక్కకుండా ఈ గుమ్మం పక్కన నిలబడి మాట్లాడుతున్నాను. మన్నించండి. మొక్కల సంగతి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు కనుక, నేను ఈ గుమ్మం దగ్గర ఎందుకు నిలబడవలసి వచ్చిందో అదే చెబుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖ మీద విరుచుకుపడినప్పుడు పెదవాల్తేరులోని మా ఫ్లాటు కిటికీ అద్దాలన్నీ పగిలి, రెండు గదుల్లో చీలమండ లోతు నీరు నిలిచింది. గోడలు ఆరకముందే నల్లటి బూజు పట్టింది. ఆ బూజు కనబడకూడదని గోడలకు కొత్త రంగు వేయించాము, అల్మరాలకు కొత్త ప్లైవుడ్ తలుపులు పెట్టించాము, గాలి చొరబడని అద్దాల కిటికీలు బిగించి ఏసీ కూడా పెట్టించాము. నెల తిరగకుండా నాకు తలపోటు, కళ్లమంట, ఆయాసం మొదలయ్యాయి. గుమ్మం దాటి బయటికి వస్తే అరగంటలో తగ్గేవి. లోపలికి వెళ్లిన పది నిమిషాల్లో మళ్లీ తిరగబెట్టేవి.

ఇళ్ల లోపల వాడే మామూలు ప్లైవుడ్‌ను అతికించే జిగురు ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్‌తో చేసినది. చెక్క అతుక్కుపోయిన తరువాత కూడా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి దాని నుంచి, కళ్లను, గొంతును మండించే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వెలువడుతూనే ఉంటుంది. వేడి, తేమ పెరిగినకొద్దీ అది ఎక్కువవుతుంది. విశాఖలో ఆ రెండింటికీ కొదవ లేదు కదా. ఇంటి లోపలి గాలిలో అది అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన పడకగదుల్లో దానిని కొలిచేవారు ఎవరున్నారు?

ఈ బాధకు 1987లో మార్క్ కల్లెన్ అనే అమెరికా వైద్యుడు మల్టిపుల్ కెమికల్ సెన్సిటివిటీ, అంటే పలు రసాయనాలు ఒంటికి పడకపోవడం, అని పేరు పెట్టి నిర్వచనం ఇచ్చారు. మన ఇళ్లలో ఆ మాట ఎప్పటినుంచో ఉంది: ‘ఆ వాసన నాకు పడదు’ అంటాము. దీనిని ప్రత్యేక వ్యాధిగా అంగీకరించే విషయంలో వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. ఏది రసాయనమో, ఏది వట్టి గాలో తెలియనివ్వకుండా చేసిన పరీక్షల్లో చాలామంది రోగులు తేడా పోల్చుకోలేకపోయారు. ఆ సంగతి నేను దాచను. కారణం తేలేవరకు ఊపిరి ఆపుకొని కూర్చోమని మాత్రం ఎవరూ నాతో అనవద్దు.

నేను మేడ ఎక్కాను. నీళ్ల ట్యాంకు నీడన నులకమంచం, కుంకుడురసంతో ఉతికిన నూలు దుప్పటి, నాలుగు కర్రలకు కట్టిన దోమతెర, ఇదే నా పడకగది. దోమల చుట్ట వెలిగించను. ఒక్క చుట్ట కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని పరిశోధకులు లెక్కగట్టారు. అర్ధరాత్రి చినుకు పడితే పరుపు చుట్టి మెట్లగదిలోకి లాగుతాను. మంచు కురిసే రోజుల్లో తెల్లవారేసరికి దుప్పటి పిండితే నీళ్లు కారేటంత తడుస్తుంది. అయినా ఆరుబయట పడుకున్న మూడో రాత్రికే నాకు తలపోటు లేని ఉదయం వచ్చింది.

ఇరుగుపొరుగువారు నాకు గాలి సోకిందన్నారు. సోకిన మాట నిజమే, అది మూసిన గదిలోని గాలి. దానికంటే పెద్ద దెబ్బ మరొకటి తగిలింది. ఒక సాయంత్రం మెట్లెక్కి వెళితే మేడ తలుపుకు కొత్త తాళం వేలాడుతోంది. మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శిని అడిగితే, ‘మేడ మీద మంచాలు వేస్తే ఫ్లాట్ల ధర పడిపోతుందమ్మా, మీరు మంచి డాక్టరుకు చూపించుకోండి’ అన్నారు. ఆ రాత్రి నేను మెట్ల మీద కూర్చునే తెల్లవార్చాను. ఎదుటి మెట్టు మీద మావారు చెంబుతో నీళ్లు పట్టుకుని కూర్చున్నారు. నెలనెలా నిర్వహణ రుసుము కట్టే మనిషికి తన నెత్తి మీద ఉన్న ఆకాశం కూడా అడిగి తెచ్చుకోవలసినదేనా?

బయటి గాలంతా మంచిదని నేను అనడం లేదు. కైలాస కొండలకు, యారాడ కొండలకు మధ్య గిన్నెలా ఉన్న ఊరు మనది. పొగ తొందరగా పోదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి వెలువడిన, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి, గాలికంటే మూడింతలకు పైగా బరువైనది కనుక, నేలబారున పాకింది. బయటికి పరుగెత్తినవారు రోడ్ల మీదే కూలిపోయారు. 12 మంది ప్రాణాలు పోయాయి. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. ఆరుబయట పడుకునేవారికి బయటి గాలి బాగుండటం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

అమెరికాలోని అరిజోనాలో స్నోఫ్లేక్ అనే ఊరి పరిసరాలలో ఇటువంటి బాధితులు కొందరు ఎడారిలో దూరదూరంగా ఇళ్లు కట్టుకుని ఉంటున్నారు. మనకు ఎడారి లేదు, మేడ ఉంది. ఈ సభలో అపార్టుమెంటు సంఘాల కార్యదర్శులు ఐదారుగురైనా ఉంటారు. అయ్యా, మీ భవనంలో గాలి ఆడక అల్లాడేవారు ఎవరైనా వచ్చి అడిగితే, వైద్యుని కాగితం చూపమనకుండా మేడ తాళంచెవి చేతిలో పెట్టండి. అమ్మలారా, పట్టుచీరల మధ్య కలరా ఉండలు వేసే ముందు, ఆ బీరువా ఉన్న గదిలో రాత్రంతా ఎవరు పడుకుంటారో ఒక్కసారి తలచుకోండి.

మా భవనం తాళంచెవి ఇప్పటికీ నా దగ్గర లేదు. రోజూ రాత్రి తొమ్మిది గంటలకు కాపలాదారు తలుపు తెరుస్తాడు, ఉదయం ఐదింటికి మూసేస్తాడు. ఇప్పుడు ఎనిమిదిన్నర కావస్తోంది. నేను బయలుదేరాలి, సెలవు.