తరిగిన వెండి, తగ్గిన తూకం

శ్రోతలకు నమస్కారం.

మీ అరచేతిలో ఒక రోమన్ వెండి నాణెం ఉందనుకుందాం. పేరు డెనారియస్. ఒకవైపు టైబీరియస్ చక్రవర్తి తల, రెండోవైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ. కంసాలి త్రాసులో వేస్తే 3.41 గ్రాములు తూగింది. వెంటనే 'తూకం తక్కువ' అంటాం. దేనికంటే తక్కువ? ఆ ప్రశ్న వేసుకోకుండానే మంచి నాణేన్ని దొంగ నాణెం అనేస్తే నాకు బాధ కలుగుతుంది.

రోమన్ టంకశాల వెండి నాణేలను ఒక్కొక్కటిగా సరితూచలేదు. ఒక రోమన్ పౌను వెండికి 84 నాణేలు రావాలి, అంతే. ఆ పౌను సుమారు 324 గ్రాములు. అంటే సగటున నాణేనికి 3.86 గ్రాములు, మన పాత తులంలో ఇంచుమించు మూడో వంతు. ఒకటి కాస్త ఎక్కువ, పక్కది కాస్త తక్కువ ఉన్నా వాళ్లకు పట్టింపు లేదు. క్రీ.శ. 64 ప్రాంతంలో నీరో చక్రవర్తి ఆ లెక్కను 96కు పెంచాడు, వెండిలో రాగి పాలూ పెంచాడు. దాంతో సగటు 3.4 గ్రాములకు దిగింది. కాబట్టి 3.41 గ్రాములు నీరో చివరి ఏళ్ల నాణేనికి నిండు తూకం. అదే నీరోకు ముందు పాలించిన టైబీరియస్ నాణేనికైతే పదో వంతుకు పైగా లోటు.

ఆ లోటు ఎలా వచ్చిందో నాణెం మీదే వెతకాలి. భూతద్దం పట్టి చూడండి. చక్రవర్తి జుట్టులో పాయలు కలిసిపోయి నున్నగా ఉన్నాయా? చెంప చదునైందా? కుర్చీ కాళ్ల గీతలు చెరిగిపోయాయా? అయితే ఆ వెండి ఏళ్ల తరబడి చేతులు మారుతూ అరిగిపోయింది. ఆ తూకం న్యాయమైనదే. జుట్టు పాయ పాయగా తేరి ఉండి, అక్షరాల అంచులు పదునుగా ఉండి కూడా 3 గ్రాములే తూగితే మాత్రం అనుమానించాలి. అరుగుదలకూ తూకానికీ పొంతన కుదరాలి.

రాగి బిళ్లకు వెండి తొడుగు వేసిన నకిలీలు ఆ రోజుల్లోనే ఉండేవి. అందుకే వర్తకులు అంచున గాటు పెట్టి లోపలి లోహం చూసుకునేవారు. మన నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఆగస్టస్, టైబీరియస్‌ల డెనారియస్‌లు కుప్పగా దొరికాయి. దక్షిణ భారతంలో దొరికిన ఇలాంటి కొన్ని నాణేల మీద ఉలి గాట్లు కనిపిస్తాయి. అవి వెండిని పరీక్షించడానికా, రాజు బొమ్మను చెరపడానికా అన్నది పండితులు ఇంకా వాదించుకుంటున్న సంగతి.

మనం గాటు పెట్టనక్కరలేదు. గ్రాములో నూరో వంతు చూపే త్రాసు, సన్నని దారం, గ్లాసెడు నీళ్లు చాలు. నాణేన్ని దారానికి కట్టి, నీటిలో మునిగేలా వేలాడదీసి తూచండి. చింతపండుతో మాత్రం తోమకండి, ఉన్న కాస్త వెండీ పోతుంది. బయట 3.41 తూగినది నీటిలో 3.08 తూగితే తేడా 0.33. 3.41ని దానితో భాగిస్తే 10.3 వస్తుంది, అంటే ఆ లోహం అంతే పరిమాణం నీటికంటే అన్ని రెట్లు బరువన్నమాట. స్వచ్ఛమైన వెండికి 10.5, రాగికి 9కి కాస్త తక్కువ. నీటిలో 3.04 మాత్రమే తూగితే ఫలితం 9.2కు పడిపోతుంది. అప్పుడు మళ్లీ భూతద్దం తీసి, బాగా అరిగిన చెంప మీదా అంచు పగుళ్లలోనూ రాగి ఎరుపు కోసం వెతకండి.

నమస్కారం.