గుండీలు పెట్టుకోవడానికి ఎన్ని నిమిషాలు?

అందరికీ నమస్కారం. పార్కిన్సన్స్ అని తేలగానే ఇంట్లో వాదన మొదలవుతుంది: నాన్నకు దాని ప్రధాన మందు లెవోడోపా ఇప్పుడే వేద్దామా, ఆగుదామా? "అది ఐదేళ్లే పనిచేస్తుందట, దాచుకుందాం" అంటారు పిల్లలు. ఆ 'దాచుకుందాం' అన్న మాటతోనే నాకు పేచీ.

2019లో వెలువడిన లీప్ అధ్యయనంలో 445 మందిలో కొందరికి మొదటినుంచీ, మిగతావాళ్లకు 40 వారాలు ఆగి లెవోడోపా ఇచ్చారు. 80 వారాలకు చూస్తే ఇద్దరి పరిస్థితీ దాదాపు ఒకటే. ముందే వేసుకున్నందుకు జబ్బు నెమ్మదించలేదు, అలాగని ముదరనూ లేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జబ్బు వల్లే, డోపమైన్‌ను (కదలికలకు కావలసిన మెదడు రసాయనం, లెవోడోపా మారేది దీనిగానే) నిలవ ఉంచుకునే కణాలు తగ్గిపోయి, డోసుకూ డోసుకూ మధ్య ఒళ్లు బిగుసుకుంటుంది. నింద మాత్రం మాత్ర మీద పడుతుంది.

అందుకే క్యాలెండర్ కాదు, చేతులు చూడండి. వణుకు కంటికి కనిపిస్తుంది గానీ పనులు ఆపేది నెమ్మదితనం. పప్పన్నం కలుపుకోగలుగుతున్నారా? పక్క మీద ఇటు నుంచి అటు తిరగగలరా? సంతకం చీమల బారులా చిన్నదవుతోందా? సిటీ బస్సు దిగాలంటే జంకుతున్నారా? ఇవి ఆయనకు ఇబ్బందిగా ఉంటే ఆలస్యం దండగ. ఆ ఇబ్బంది ఆయనదా, చూసే చుట్టాలదా అన్నది ఆయన్నే అడగండి. చేయి కాస్త వణకడం తప్ప అన్నీ చేసుకుంటుంటే, వ్యాయామం చేస్తూ, డాక్టరుకు చూపించుకుంటూ ఆగొచ్చు.

నిమ్స్‌కు వెళ్లినా, వీధి చివరి క్లినిక్‌కు వెళ్లినా ఇంట్లోని మందుల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి. కొన్ని గ్యాస్ మాత్రల్లో ఉండే లెవోసల్పిరైడ్, కళ్లు తిరిగితే ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ అచ్చం ఇలాంటి లక్షణాలే తెస్తాయి. ఆపాక కూడా తగ్గడానికి నెలలు పట్టొచ్చు.

మొదలుపెట్టేటప్పుడు సాధారణంగా సగం మాత్ర, రోజుకు మూడుసార్లు. ఆపైన డాక్టరు మెల్లగా పెంచుతారు. ఎక్కువమంది బెదిరేది వికారానికి. లెవోడోపా దారిలోనే మారిపోకుండా ఆపే కార్బిడోపాను అదే మాత్రలో కలుపుతారు. 110 అని పేరు ఉండే మాత్రలో లెవోడోపా 100 మిల్లీగ్రాములు, కార్బిడోపా 10 మాత్రమే. రోజుకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల కార్బిడోపా అందకపోతే, లెవోడోపా మెదడుకు చేరకముందే డోపమైన్‌గా మారి కడుపులో తిప్పుతుంది. కార్బిడోపా 25 ఉన్న రకం గురించి అడగండి. అది అడక్కుండానే "పడలేదు" అని మానేస్తుంటారు. వాంతులకు మెటోక్లోప్రమైడ్ మాత్రం వద్దు, అది లక్షణాలను పెంచుతుంది.

మాత్ర టిఫినుకు అరగంట ముందు వేయాలి. పెసరట్టులోని, పెరుగులోని మాంసకృత్తులు పేగులో దానికి అడ్డొస్తాయి. పడుకున్నప్పటి బీపీలో పై అంకె లేచి నిలబడిన మూడు నిమిషాల్లో 20 పడిపోతే డాక్టరుకు చెప్పండి. వాడేది ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదకు రావచ్చు.

మొదటి మాత్రకు ముందు, చొక్కా గుండీలకు ఆయనకు పట్టిన నిమిషాలు కాగితం మీద రాసిపెట్టండి. పూర్తి డోసుకు చేరిన నెలకు మళ్లీ రాసి, ఆ కాగితం డాక్టరు ముందు పెట్టండి.