గుర్రం నోటికి తగిన బిట్

శ్రోతలకు నమస్కారం. స్వారీలో గుర్రం మాటిమాటికీ తల ఎగరవేస్తున్నా, నోరు తెరిచి నాలుకను పక్కకు వేలాడవేస్తున్నా, పగ్గం బిగించగానే మెడను ఒక వైపుకు వంచేస్తున్నా దానిని మొండి గుర్రమనే వారే ఎక్కువ. అటువంటి గుర్రానికి మరింత కఠినమైన కళ్ళెం తగిలించడం చాలామందికి అలవాటు. నన్నడిగితే, ముందుగా చేయవలసిన పని దాని నోరు తెరిచి చూడడం.

కళ్ళెంలో నోటిలోపల ఉండే కడ్డీని బిట్ అంటారు. గుర్రానికి ముందుపళ్ళకూ దవడపళ్ళకూ మధ్య పళ్ళులేని ఖాళీ చోటు ఉంటుంది. బిట్ ఆనేది అక్కడే. ఆ చోట కింది దవడ ఎముక అంచు సన్నగా ఉంటుంది, దాని మీద ఉన్నది పలుచని చిగురు మాత్రమే. మన మోకాలి కింద ఎముక అంచును వేలితో నొక్కి చూసుకుంటే ఆ చోటు ఎంత సున్నితమో తెలుస్తుంది. మగ గుర్రాలకు 4, 5 ఏళ్ళ వయసులో ఆ ఖాళీలోనే కోరపళ్ళు వస్తాయి. కొన్ని గుర్రాలకు పై దవడపళ్ళకు కాస్త ముందు చిన్న పన్ను ఒకటి మొలుస్తుంది. బిట్ దానికి తగిలితే నొప్పి పుడుతుంది కనుక పశువైద్యులు తరచుగా దానిని తీసివేస్తారు.

లావుపాటి బిట్ మెత్తనిదని, సన్నని బిట్ కోసుకుపోతుందని పాతకాలం నుంచి ఒక నమ్మకం ఉంది. ఒత్తిడి ఎక్కువ చోటికి పరచుకుంటుందన్న మేరకు అది నిజమే. కానీ నోరు మూసినప్పుడు నాలుక లోపలి చోటునంతా దాదాపుగా నింపేస్తుంది. నాలుక దళసరిగా ఉండి అంగిలి కిందికి ఉన్న గుర్రానికి లావుపాటి కడ్డీ పెడితే, పగ్గం లాగకపోయినా నోరు నిండిపోయి, అది రోజంతా నములుతూనే ఉంటుంది. అందుచేత పెదవులు విడదీసి, నాలుక పళ్ళ అంచుల బయటికి ఉబికి ఉందో లేదో చూసిన తరువాతే మందాన్ని నిర్ణయించుకోవాలి.

కడ్డీ ఆకారం సంగతి. నడుమ ఒకే కీలు ఉన్న బిట్, రెండు పగ్గాలూ ఒకేసారి లాగినప్పుడు మడత పడి నాలుకను రెండు వైపుల నుంచీ నొక్కుతుంది. కొన్ని నోళ్ళలో ఆ కీలు అంగిలి వైపు లేస్తుంది. మధ్యలో చిన్న బిళ్ళతో రెండు కీళ్ళున్న బిట్ నాలుక మీద మరింత చదునుగా ఒదుగుతుంది. పొడవాటి కాడలున్న కర్బ్ బిట్ చేతి బలాన్ని పెంచి గడ్డం కిందా తల వెనుకా కూడా ఒత్తుతుంది కనుక చెయ్యి నిలకడగా లేనివారు దాని జోలికి పోకపోవడమే మేలు.

వెడల్పు కొలవడానికి నోటిలో అడ్డంగా ఒక దారం పట్టి, రెండు పెదవి మూలల దగ్గరా గుర్తు పెట్టుకుంటే చాలు. కడ్డీ కొసల్లో పగ్గాలు తగిలించే ఉంగరాలు కదిలే బిట్ అయితే ఒక్కో వైపున సుమారు 5 మిల్లీమీటర్లు వదులు ఉండాలి. లేకపోతే ఉంగరపు రంధ్రం దగ్గర పెదవి నలుగుతుంది. మరీ వెడల్పైనది నోటిలో అటూ ఇటూ జారుతుంది. పెదవి మూలలో రెండు ముడతలు పడేదాకా బిగించాలన్న సూత్రాన్ని నేను నమ్మను, ఎందుకంటే కండగల పెదవికీ పలుచని పెదవికీ ముడతలు ఒకే తీరుగా పడవు. మూలను లాగకుండా తాకుతూ, పళ్ళకు తగలకుండా ఉన్నదే సరైన ఎత్తు. ముక్కుపట్టీ కింద, ముక్కు ఎముక మీద, రెండు వేళ్ళు దూరాలి. పట్టీ బిగించి నోరు మూయిస్తే బాధ కనబడకుండా పోతుందే కానీ తగ్గదు.

కొత్త బిట్ వేసిన తొలి స్వారీ ముగిశాక కళ్ళెం తీసి, పెదవి మూలలను, దవడ అంచులను వేలి కొసతో తడిమి చూడండి. ఎరుపు, వాపు, చిన్న పుండు కనిపిస్తే అది మానేదాకా నోటిలో ఏ బిట్టూ పెట్టకూడదు. బిట్ లేని కళ్ళెం వాడినా, దాని ఒత్తిడి ముక్కు మీద పడుతుంది కనుక అక్కడి చర్మాన్నీ ఇలాగే చూసుకోవాలి.