దుమ్ము జబ్బు పేరు

సభకు నమస్కారం. గిడుగు రామమూర్తి గారి జయంతి కదా, ఛందస్సు మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. చెబుతాను. ఉదాహరణకు పద్యం తీసుకోను, ఒక జబ్బు పేరు తీసుకుంటాను.

న్యూమోకోనియోసిస్. విడదీద్దాం: న్యూ, మో, కో, ని, యో, సిస్. మొదటి మూడూ గురువులు, మగణం. ‘ని’ లఘువు, ‘యో’ గురువు, పొల్లు ఉంది కనుక ‘సిస్’ గురువు, యగణం. గ్రీకులో ప్నెయుమోన్ అంటే ఊపిరితిత్తి, కోనిస్ అంటే దుమ్ము. ఆ మొదటి పకారాన్ని ఇంగ్లిషులో రాస్తారు కానీ పలకరు. చివరి ‘ఓసిస్’ రోగాన్ని చెప్పే ప్రత్యయం. ‘కోని’కి ‘ఓసిస్’ తగిలేచోట మన నోరు యకారాన్ని తెచ్చుకుంటుంది. బడిలో చదివిన యడాగమమే! తెలుగు నోటికి ఇంత సులువైన మాట.

ఆ మాటను నేను పలకలేకపోయాను. మా తమ్ముడు తాడిపత్రిలో గ్రానైటు బండలు కోసి పాలిష్ పట్టే పనిలో పద్దెనిమిదేళ్లు ఉన్నాడు. దగ్గు, ఆయాసం. క్షయ అనుకుని ఏడాది మందులు మింగాడు. చివరకు ఒక డాక్టరు గారు ఎక్స్‌రే చూసి చీటీ మీద ఈ పేరు రాశారు. పరిహారం కోసం ఒక కార్యాలయానికి వెళ్లాం. ఏం జబ్బని గుమాస్తా అడిగారు. చీటీ నా చేతిలోనే ఉంది. ‘న్యూమో’ అని ఆగిపోయాను. ఆయన ‘న్యూమోనియా’ అని రాసుకున్నారు. నేను దిద్దలేదు. ముప్పై ఏళ్లు పిల్లల చేత గణాలు విడదీయించిన నోరు ఇది.

అర్జీ తిరిగి వచ్చింది. న్యూమోనియా క్రిములతో వస్తుంది, మందులకు తగ్గుతుంది. ఇదేమో రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో దిగి గట్టి మచ్చలు కట్టడం. ఆ మచ్చలు పోవు. అప్పుడు అమలులో ఉన్న 1923 నాటి పరిహార చట్టం మూడవ షెడ్యూలులో, అంటే పని వల్ల వచ్చే జబ్బుల పట్టికలో, ఈ జబ్బు ఉండేది, సిలికా దుమ్ముతో వచ్చే రకాన్ని చెప్పే సిలికోసిస్ అన్న మాటతో సహా. మా కాగితంలో పడిన పేరు అందులో లేదు. రెండో అర్జీ రాసేనాటికి తమ్ముడు లేడు.

ఛందస్సు గురించి ఇంకా చెప్పవలసింది ఉంది, క్షమించండి. గిడుగు వారు సవరలనే గిరిజనుల నోట ప్రతి ధ్వనినీ విని రాసుకున్న మనిషి. అయ్యా, అమ్మా, ఆయన పేరుతో జరిగే సభలో అడుగుతున్నాను, నాతోపాటు పలకండి. న్యూ, మో, కో. ని, యో, సిస్. ఇంకొకసారి.

మీ ఇంట్లో బండల పనికి వెళ్లేవారు ఉంటే, డాక్టరు చీటీ ఉంటే, సభ అయ్యాక మెట్ల దగ్గరకు తీసుకురండి. అక్కడే కూర్చుంటాను. అక్షరం అక్షరం కలిపి చదువుదాం.